సయ్యద్ అబ్దుల్ రహీము

విద్య యనగా పుస్తకములలో నుండునది మాత్రమే కాదు. ఆటస్థలమును ఒక పాఠశాలయే. అచ్చట మంచి గురువు లభించినచో, బంతిని తన్నుట నేర్వవచ్చిన బాలుడు ఓర్పును, క్రమశిక్షణను, తోడివానికొరకు తన పేరును వదలుకొను గుణమును గూడ నేర్చుకొనిపోవును. అట్టి గురువొకడు హైదరాబాదు నగరమున నుండెను. ఆయన సేనాపతి కాడు, మంత్రి కాడు, ధనవంతుడును కాడు. ఆయన బడిపంతులు. కాని ఆయన తీర్చిదిద్దిన జట్లు భారతదేశమునకు రెండు పర్యాయములు ఆసియా క్రీడలలో బంగారు పతకమును తెచ్చిపెట్టినవి. ఆయనయే సయ్యద్ అబ్దుల్ రహీము. శిష్యులును, నగరవాసులును ఆయనను రహీము సాహెబని పిలుచుచుండిరి.

రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఆ కాలమున హైదరాబాదు నైజాము నవాబుల యేలుబడిలోని సంస్థానము. వరంగల్లు మొదలగు తెలంగాణ జిల్లాలేగాక కొన్ని మరాఠీ, కన్నడ జిల్లాలును అందు చేరియుండెను. రాజధానిని అంటియున్న సికింద్రాబాదు దండులో ఆంగ్లేయ సైనికులు బసచేసి యుండెడివారు. సాయంకాలమున వారు ఫుట్‌బాలు ఆడుచుండగా ఇరుగుపొరుగు బాలురు మైదానము చుట్టును గుమిగూడి చూచెడివారు. చూచి చూచి తామును ఆడనేర్చిరి. వారిలో ననేకులకు బూట్లు కొను శక్తి లేదు. గులకరాళ్ళ నేలపై ఉత్తకాళ్ళతోనే బంతిని తన్నుచు వారు పెరిగిరి. కొలదికాలములోనే పేటపేటకును ఒక జట్టును, వీధివీధికిని ఆటగాండ్రును ఏర్పడిరి.

రహీము ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి బి.ఏ. పట్టమును పొందెను. చదువుకొనుచున్న దినములలో విశ్వవిద్యాలయపు జట్టులో ఆడి మంచి ఆటగాడని పేరు తెచ్చుకొనెను. పిదప విద్యార్థులే ఎక్కువగా చేరిన ఇలెవెన్ హంటర్సు అను జట్టులోను, నగరమున మిక్కిలి బలమైనదని పేరొందిన ఖమర్ క్లబ్బులోను ఆడెను. బ్రతుకుతెరువునకై ఆయన యెన్నుకొనినది ఉపాధ్యాయవృత్తి. కాచిగూడ మిడిల్ స్కూలులోను, ఉర్దూ షరీఫ్ పాఠశాలలోను, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాలలోను, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలోను ఆయన పనిచేసెను. వ్యాయామ విద్యలో డిప్లొమాను సంపాదించి, చివరి రెండు పాఠశాలలలో విద్యార్థుల ఆటలు, వ్యాయామము మొదలగువాని భారమును వహించెను.

ఉపాధ్యాయుడు గావుననే రహీము ఆటను గూడ ఒక పాఠ్యవిషయమువలె పరిశీలించెను. బాలుడు లెక్క తప్పిన యెడల మంచి ఉపాధ్యాయుడు వానిని కోపించి ఊరకుండడు; తప్పెచ్చట జరిగినదో కనిపెట్టి, ఆ చోటనే మరల నేర్పును. రహీము చేసినదియు నిదియే. ఆ దినములలో మన ఆటగాండ్రకు ఒక దురలవాటు ఉండెను. బంతి దొరికినవాడు దానిని వదలక, ఒక్కొక్కరినే తప్పించుకొనుచు, చూపరుల మెప్పుకొరకు తానొక్కడే ముందునకు పోవ యత్నించెడివాడు. దీనిని మాన్పించుటకు రహీము చిత్రమైన పోటీలను ఏర్పరచెను. చిన్న చిన్న జట్లతో జరుగు ఆ పోటీలలో బంతిని తనయొద్ద నిలుపుకొని డ్రిబ్లింగు చేయరాదు; వెంటనే తోడివానికి అందింపవలెను. మరియొక విధమైన పోటీలో కుడికాలి వాటముగలవాడు ఎడమకాలితోను, ఎడమకాలి వాటముగలవాడు కుడికాలితోను మాత్రమే బంతిని తన్నవలెను. మొదట పిల్లలు తడబడి పడుచు నవ్వులపాలైరి. కొన్ని మాసములు గడచునప్పటికి వారి రెండు కాళ్ళకును సమానమైన నేర్పు అలవడెను. బంతి నేలను విడువక, ఒకరి కాలినుండి మరియొకరి కాలికి నేతగాని నాడెవలె పరుగెత్తసాగెను. హైదరాబాదు ఆట యని తరువాతి కాలమున దేశమంతట కీర్తింపబడిన ఆట యిదియే.

హైదరాబాదులోని జట్లను ఒక త్రాటిపై నడపుటకు 1939లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘము వెలసెను. కొన్ని సంవత్సరములలోనే రహీము ఆ సంఘమునకు కార్యదర్శియై, మరణించువరకు ఆ బాధ్యతను వహించెను. కార్యదర్శి పదవి పూలపాన్పు కాదు. ప్రతి పేటవారికిని తమ జట్టే గొప్పది. తీర్పు తమకు ప్రతికూలమైనచో అలుగువారును, తమవానికి జట్టులో చోటు దొరకలేదని నిందించువారును ఎచ్చటనైనను ఉందురు. రహీము మితభాషి. నియమము విషయమున మాత్రము కఠినుడు. ఎవడు చక్కగా ఆడునో వాడే ఆడవలెననునది ఆయన నియమము. కులము, మతము, భాష, సిఫారసు అను మాటలకు ఆయన మైదానమున తావు లేదు.

ఆ నగరమున ప్రజలందరికిని ప్రీతిపాత్రమైన జట్టు హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. పోలీసు శాఖ మంచి ఆటగాండ్రను కనిపెట్టి వారికి కొలువులిచ్చెడిది. పేదకుటుంబములలోని యువకులకు ఆట వలన అన్నము దొరకుట ఆనాడు సామాన్యమైన మేలు కాదు. 1943లో బెంగుళూరున జరిగిన ఆష్ గోల్డ్ కప్పు పోటీలలో ఈ జట్టు ఆంగ్లేయుల వైమానికదళ జట్టును ఓడించెను. పాలించువారిని పాలింపబడువారు ఆటలో గెలిచిన ఆ విజయము హైదరాబాదు ప్రజలకు తమ జట్టుపై గల అభిమానమును ఇనుమడింపజేసెను.

ఇంతలో సంస్థానమునకు గడ్డుదినములు వచ్చినవి. 1947లో భారతదేశము స్వతంత్రమయ్యెను. కాని హైదరాబాదు సంస్థానము వెంటనే భారతదేశమున చేరలేదు. రజాకార్ల దౌర్జన్యములవలన గ్రామములు తల్లడిల్లెను. 1948 సెప్టెంబరులో భారతసేనలు ప్రవేశించుటయు, 17వ తేదీన నైజాము లొంగుటయు జరిగెను. ఆ ముందు వెనుకల కాలమున ఉభయ మతములవారిలోను ఎందరో కష్టనష్టములకు లోనైరి. నిన్నటివరకు కలసిమెలసి యున్న యిరుగుపొరుగువారు ఒకరినొకరు అనుమానముతో చూచుకొను దుస్థితి కలిగెను. ప్రభుత్వములు శాసనములు చేయగలవు. సైన్యములు శాంతిని నిలుపగలవు. కాని విరిగిన మనస్సులను అతుకుట శాసనములకు సాధ్యము కాదు.

ఇట్టి సమయముననే, 1950లో, రహీము సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. పోలీసు ఉన్నతాధికారియగు శివకుమార్ లాల్ ఆయనకు అండగా నిలిచెను. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్, జమాల్, లాయక్ మొదలగు వారితోపాటు సూసై, ప్యాట్రిక్ మొదలగు వారును ఉండిరి. మతములు వేరు, మాతృభాషలు వేరు. మైదానమున దిగినప్పుడు మాత్రము వారందరును ఒకే గురువు శిష్యులు. రహీము వారిచే తెల్లవారకముందే పరుగులు పెట్టించెను. ఒక్క బంతినే వందలసార్లు అందించుకొనునట్లు చేసెను. ఎంతటి పేరుమోసిన ఆటగాడైనను ఆలస్యముగా వచ్చినచో ఉపేక్షించెడివాడు కాడు.

ఆ యేడే ఫలము కనబడెను. బొంబాయి నగరమున జరుగుచుండిన రోవర్సు కప్పు మనదేశమున మిక్కిలి పురాతనమైన ఫుట్‌బాలు పోటీలలో నొకటి. 1950లో హైదరాబాదు పోలీసులు దానిని గెలిచిరి. మరుసటి సంవత్సరమును గెలిచిరి. ఇట్లు 1954వరకు వరుసగా ఐదు సంవత్సరములు ఆ కప్పు హైదరాబాదునకే వచ్చినది. పెక్కేండ్లు ఆగిపోయి 1950లో ఢిల్లీయందు మరల ప్రారంభమైన డ్యూరాండు కప్పును గూడ వారు కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ జట్టును ఓడించి కైవసము చేసికొనిరి. అంతవరకు దేశమున ఫుట్‌బాలు అనగా కలకత్తాయే యని జనుల నమ్మకము. ఒక బడిపంతులు తీర్చిన పోలీసు జట్టు ఆ నమ్మకమును సడలించెను.

ఈ విజయములు హైదరాబాదు ప్రజలకు కేవలము ఆటలోని గెలుపులు కావు. చార్మినారు చెంతనుండు ముస్లిము వర్తకుడును, సుల్తాను బజారులోని హిందూ గుమాస్తాయును, సికింద్రాబాదులోని క్రైస్తవ కార్మికుడును తమదని చెప్పుకొనగలిగిన వస్తువు ఆనాడు ఒకటుండెను. అది ఈ జట్టు. రాజకీయములలో భిన్నాభిప్రాయములు గలవారును మైదానపు అంచున ప్రక్కప్రక్కనే నిలిచిరి. గోలు పడినప్పుడు లేచిన కేకలో ఎవరి మతము ఏదియో తెలియరాదు. మాటలచే అతుకని మనస్సులను ఆట కొంతవరకైనను అతికినది.

రహీము కీర్తి సంస్థానపు హద్దులను దాటెను. భారతజట్టునకు శిక్షణనిచ్చు భారము ఆయనకు లభించెను. 1951లో ఢిల్లీ నగరమున మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగినవి. ఆఖరి ఆటలో భారతజట్టు ఇరాను జట్టును ఒక గోలుతో ఓడించి బంగారు పతకమును గెలిచెను. కాని విజయములవెంట పరాజయమును ఉండును. 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా జట్టు మనవారిని పదింటికి ఒక గోలు తేడాతో చిత్తుగా ఓడించెను. చలిదేశమునందలి మైదానమున, బూట్లు తొడిగిన ప్రత్యర్థులయెదుట మనవారిలో పలువురు ఉత్తకాళ్ళతో ఆడిరి. ఆ పరాభవము తరువాతనే మన ఆటగాండ్రు బూట్లు తొడిగి ఆడవలెననునది నియమమయ్యెను. ఓటమివలన కుంగిపోక, దానినుండి పాఠము నేర్చుకొనుట రహీము స్వభావము. ఐరోపాలోని మేటిజట్లు ఆటగాండ్రను నిలుపు పద్ధతులను ఆయన శ్రద్ధగా పరిశీలించి, మనవారి శరీరబలమునకును, వేగమునకును తగినట్లు వానిని మార్చి నేర్పసాగెను.

ఆ కృషి 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సునందు ఫలించినది. భారతజట్టు ఆస్ట్రేలియాను ఆ దేశపు గడ్డమీదనే నాలుగింటికి రెండు గోల్స్ తేడాతో ఓడించెను. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ చేసెను. ఒలింపిక్సు ఫుట్‌బాలులో సెమీఫైనలు ఆటకు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. అచ్చట యుగోస్లావియాచేతను, కాంస్యపతకపు ఆటలో బల్గేరియాచేతను ఓడిపోయినను, నాలుగవ స్థానము లభించెను. నాటినుండి నేటివరకు భారత ఫుట్‌బాలు జట్టునకు ఒలింపిక్సులో అంతకుమించిన స్థానము దక్కలేదు. ఆ జట్టులో హైదరాబాదువారు పలువురుండిరి.

వారిలో నొకడు తులసీదాసు బలరాము. సికింద్రాబాదు చేరువనున్న అమ్ముగూడ యను పల్లెలోని పేదయింటి బిడ్డడు. ఒకనాడు వాని ఆట రహీము కంటబడెను. అభ్యాసమునకు హైదరాబాదునకు రమ్మని ఆయన పిలువగా, అంతదూరము వచ్చిపోవుటకు తన యొద్ద డబ్బు లేదని ఆ బాలుడు తెలిపెను. రహీము అద్దె సైకిలునకు తానే డబ్బిచ్చి వానిని రప్పించుకొనెను. ఆ అద్దె సైకిలుపై వచ్చిన బలరాము ఏడాది తిరుగకమునుపే మెల్‌బోర్నునకు వెళ్ళెను. తరువాత దేశమునందలి మేటి ఆటగాండ్రలో నొకడయ్యెను. ధనము లేనందున ప్రతిభ మరుగునపడరాదని తలచు గురువు ఎంత మేలు చేయగలడో దీనివలన తెలియుచున్నది.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ఏర్పడెను. హైదరాబాదు సంస్థానము మూడు రాష్ట్రముల మధ్య పంచబడెను. అయినను కొంతకాలము హైదరాబాదు పేరుతోనే ఇచ్చటి జట్టు రాష్ట్రముల మధ్య జరుగు సంతోష్ ట్రోఫీ పోటీలలో పాల్గొనుచు 1956-57లోను, 1957-58లోను విజయము సాధించెను. రెండవ పర్యాయము పోటీలు హైదరాబాదులోనే జరిగినవి. 1959లో హైదరాబాదు సంఘమును, ఆంధ్ర సంఘమును ఏకమై ఆంధ్రప్రదేశ్ ఫుట్‌బాలు సంఘమయ్యెను. పోలీసు జట్టు పేరును ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా మారెను. పేరు మారినను ప్రజల అభిమానము మారలేదు.

అయితే ఆ కాలముననే వేరొక చిక్కు ఏర్పడెను. కలకత్తాలోని గొప్ప క్లబ్బులు హైదరాబాదు ఆటగాండ్రను ఆహ్వానింపసాగెను. బలరాము మొదలగువారు ఒక్కొక్కరుగా అచ్చటికి తరలిపోయిరి. పేదయింటి యువకుడు మంచి జీవనము వెదకుకొని పోవుట తప్పు కాదు. కాని పెంచినవానికి దుఃఖము కలుగక మానదు. రహీము ఎవరిని నిందింపలేదు. మరల పాఠశాలల మైదానములకు పోయి, క్రొత్త బాలురను వెదకి, మొదటి పాఠమునుండి నేర్ప మొదలిడెను. కావుననే మేటి ఆటగాండ్రు వెళ్ళిపోయినను పోలీసు జట్టు 1957లోను, 1961లోను డ్యూరాండు కప్పును గెలువగలిగెను. చెట్టు కాయలను ఇతరులు కొనిపోయినను తోటమాలి నీరుపోయుట మానడు గదా!

1962వ సంవత్సరము వచ్చునప్పటికి రహీము ఊపిరితిత్తుల క్యాన్సరునకు గురియై యుండెను. తరచుగా దగ్గు వచ్చెడిది, శరీరము కృశించెను. అయినను ఆగస్టు మాసమున భారతజట్టును వెంటబెట్టుకొని ఇండొనేషియా రాజధానియగు జకార్తాకు వెళ్ళెను. ఆ నాలుగవ ఆసియా క్రీడలకు ఇజ్రాయెలు, తైవాను దేశములవారిని ఇండొనేషియా ప్రభుత్వము రానీయలేదు. ఇది క్రీడాధర్మము కాదని భారత క్రీడా ప్రముఖుడగు గురుదత్ సోంధీ అభ్యంతరము తెలిపెను. దానితో అచ్చటి జనులు భారతీయులపై మండిపడిరి. భారత రాయబార కార్యాలయముపై అల్లరిమూక దాడిచేసెను. మన ఆటగాండ్రు తామెవరో తెలియనీయక సంచరింపవలసి వచ్చెను.

మైదానమునను కష్టములే. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా జట్టు మనవారిని రెండు గోల్స్‌తో ఓడించెను. థాయిలాండుతో జరిగిన ఆటలో గెలుపు లభించినను, రక్షణపంక్తికి మూలస్తంభమగు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి. మరియొకడైనచో ధైర్యమును కోల్పోవును. రహీము ఆలోచించెను. గాయపడినను మంచి దేహబలముగల జర్నైల్ సింగును రక్షణస్థానమునుండి తప్పించి, గోలు కొట్టవలసిన ముందు వరుసలో నిలిపెను. వినినవారు ఆశ్చర్యపడిరి. ఈ మార్పుతో మనవారు సెమీఫైనలులో దక్షిణ వియత్నామును మూడింటికి రెండు గోల్స్‌తో గెలిచిరి. జర్నైల్ సింగు గోలు చేసి గురువు ఊహను నిజము చేసెను.

ఆఖరి ఆట సెప్టెంబరు 4వ తేదీన. ఎదిరిజట్టు తమను ఓడించిన దక్షిణ కొరియాయే. ముందటి దినమున రహీము ఆటగాండ్రను పిలిచి, మరునాడు తనకొక కానుకనీయుడని కోరెను. ఆ కానుక బంగారు పతకమని వారికి తెలియును. గురువు ముఖమున కనబడుచున్న వ్యాధి గురుతులును వారికి తెలియును. మరునాడు మైదానమున దాదాపు లక్షమంది జనులు. భారత జాతీయగీతము వినబడకుండునంతగా వారు గేలిచేసిరి. అంత జనసముద్రములో మనవారిని ప్రోత్సహించినవారు వ్రేళ్ళపై లెక్కింపదగినవారు. వారిలో పాకిస్తాను హాకీ ఆటగాండ్రుండిరి. దేశములమధ్య కలహములున్నను, కష్టములో నున్న ఇరుగుపొరుగువారి పక్షమున వారు నిలిచిరి.

నాయకుడు చునీ గోస్వామి. గోలువద్ద హైదరాబాదున జన్మించిన పీటర్ తంగరాజు. ఆట మొదలైన పదునేడవ నిమిషమున పి.కె. బెనర్జీ గోలు చేసెను. మరి మూడు నిమిషములకే, తలపై కుట్లతో నున్న జర్నైల్ సింగు రెండవ గోలు చేసెను. లక్షమంది మౌనము వహించిరి. ఆట ముగియుటకు ఐదు నిమిషములు ముందు కొరియావారు ఒక గోలు చేసినను, మనవారు చెదరలేదు. రెండింటికి ఒక గోలుతో భారతదేశము బంగారు పతకమును గెలిచెను. గురువు కోరిన కానుకను శిష్యులు సమర్పించిరి.

అదియే రహీము దేశమునకు చేకూర్చిన చివరి విజయము. స్వదేశమునకు తిరిగివచ్చిన కొలదికాలమునకే వ్యాధి ముదిరి ఆయన మంచము పట్టెను. 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన, ఏబదిమూడేండ్ల ప్రాయమున, హైదరాబాదులో కన్నుమూసెను. పోలీసు జట్టు ఆ సంవత్సరము సైతము రోవర్సు కప్పును గెలిచెను. కాని చూచి ఆనందించుటకు రహీము లేడు. తరువాత రెండు మూడేండ్లకు ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని సాధించినది. ఆపై క్రమముగా హైదరాబాదు ఫుట్‌బాలు వెలుగు తగ్గెను. 1970లో బాంకాకునందు కాంస్యపతకము దక్కినను, 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాలులో బంగారు పతకము మనకు మరల లభింపలేదు. పెద్దకాలము మరుగునపడిన రహీము చరిత్ర 2024లో వెలువడిన మైదాన్ అను హిందీ చలనచిత్రముద్వారా క్రొత్త తరమువారికి కొంత తెలిసినది.

రహీము విడిచిపోయిన ఆస్తి ధనము కాదు. బంతిని తనయొద్ద దాచుకొనక, తగిన సమయమున తోడివానికి అందింపవలెనని ఆయన నేర్పిన పాఠమే ఆయన ఆస్తి. అది ఆటకు మాత్రమే చెందిన పాఠము కాదు. ఒక జట్టులో పదునొకండుగురు దానిని నేర్చుకొనగా దేశమునకు పతకము వచ్చినది. ఒక నగరము దానిని కొంత నేర్చుకొనగా పగలు చల్లారినవి. నేడును వరంగల్లులో గాని, హైదరాబాదులో గాని, మరి యే పల్లెలో గాని, సాయంకాలమున బాలబాలికలు దుమ్ము రేగునట్లు బంతి నాడుచుండగా, వారిలో ఒక బలరాము ఉండవచ్చును. వానిని గుర్తించి, అద్దె సైకిలునకు డబ్బిచ్చు రహీము వంటి గురువు వానికి లభించుటయే కావలసినది.